వంకర గూడు

దిగుడుబావి మీదికి వంగిన ఈతచెట్టు గిజిగాళ్ళ వాడ. అక్కడ ఈనెగాడనే పిల్ల గిజిగాడికి రెక్కలు ముదరకముందే అల్లిక పిచ్చి పట్టింది. దొరికిన గడ్డిపోచనల్లా పట్టుకొచ్చి, కొంగమెడలా వంకర తిరిగిన గూడొకటి అల్లాడు.

తండ్రి చూసి తల పట్టుకున్నాడు. “ఈ వంకరేమిట్రా? పెళ్ళిచూపులకొచ్చిన ఆడపిట్ట ఇందులో కాలు పెడుతుందా?” అని ముక్కుతో ఒక్క పీకు పీకి బావిలో పడేశాడు. ఈనెగాడు ఏడ్చాడు. ఏడ్చి, మళ్ళీ వంకరగానే అల్లాడు.

ఒకనాడు నీళ్ళకొచ్చిన నెమలి తలెత్తి, “ఆహా, ఏం కళ!” అంది. నెమలే అన్నాక ఇంకేముంది? కాకి పొగిడింది, గుడ్లగూబ సన్మానం చేసింది. “మావాడి ముక్కులో కళ ఉందని నేనప్పుడే కనిపెట్టాను” అని తండ్రి చెట్టుచెట్టుకీ వెళ్ళి చెప్పుకున్నాడు.

అడవిలో ప్రతి పిట్టకీ వంకర గూడే కావాల్సొచ్చింది. అందులో కాపురమెవరూ చెయ్యలేదు, నలుగురికీ కనబడేలా వేలాడదీసుకున్నారంతే. ఒకసారి ఈనెగాడు మోజుపడి వంకరని ఎడమవైపు తిప్పాడు. “మాకు అసలైనది కావాలండీ” అని పావురం వెనక్కి పంపేసింది. ఆ తర్వాత వాడు కుడివైపు తప్ప తిప్పలేదు.

ఏళ్ళు గడిచాయి. ఓ పొద్దున వాడి కొడుకు నిండు చందమామలా గుండ్రటి గూడు అల్లి, “నాన్నా, చూడు!” అన్నాడు.

ఈనెగాడు దాని చుట్టూ తిరిగి చూశాడు. చూసి తల పట్టుకున్నాడు.

“వంకరేదిరా?” అని ముక్కుతో ఒక్క పీకు పీకి బావిలో పడేశాడు.