మూడు వేల అడుగుల తలుపు

అది నాలుగో మహమ్మారి వచ్చిన ఏడు. బరువున్నవాళ్లకే జబ్బు ముదురుతోందని, ఎనభై కిలోలు దాటినవాళ్లకు ప్రభుత్వం చేతికో కడియం వేసింది. రోజూ ఇంట్లో మూడు వేల అడుగులు నడిచినట్టు అది ఒప్పుకుంటే గాని వీధి తలుపు తెరుచుకునేది కాదు.

వరాలమ్మ జావ కాచి, మంచం చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. కింది అంతస్తులో అక్క చిట్టెమ్మ కాలు విరిగి పడుకుని ఉంది. పొద్దుటినుంచి ఆమె కడుపులో ఏమీ పడలేదు.

"ఎంతదాకా వచ్చావే?" అని అక్క ఫోనులో అడిగింది.

"రెండు వేలు. మోకాళ్లు నా మాట వినట్లేదక్కా."

"ఆ కడియమేదో పిల్లికి కట్టకపోయావా?"

"మొన్న కట్టాను. రోజంతా మంచం కిందే పడుకుంది, నీకు పోటీగా."

మధ్యాహ్నానికి తలుపు తెరుచుకుంది. కానీ ఉన్న సత్తువంతా ఆ తలుపుకే అయిపోయింది. మొదటి మెట్టు మీదే వరాలమ్మ చతికిలబడింది. కాసేపు అలాగే కూర్చుని, జావగిన్నెను కింది మెట్టు మీద పెట్టి, తానూ దాని పక్కకు జారింది.

"మీరు కూర్చుని ఉన్నారు. దయచేసి నడవండి," అంది కడియం.

"నడిచే వచ్చానమ్మా ఇక్కడిదాకా," అని వరాలమ్మ గిన్నెను ఇంకో మెట్టు కిందికి దించింది.