వైరు పీకిన డేటాబేస్

రేపటి నుంచి ఆళ్లగడ్డ రక్తనిధిలో జావా ప్రోగ్రాంకు రక్తం వివరాలు చదివిచ్చే కొత్త డేటాబేస్ డ్రైవర్. అది తప్పు చదివితే ఒకరి రక్తం ఇంకొకరికి ఎక్కుతుంది. నంద్యాలలో కూర్చుని దాని పరీక్షలు చూసే జకరయ్యకు ఒక పట్టుంది: డేటాబేస్ ఆపించి, పరీక్షలు ఫెయిలవడం కళ్లారా చూడందే ఆమోదించడు. డేటాబేస్ లేకున్నా పాసయ్యే పరీక్ష దొంగ పరీక్షే అంటాడు.

ఆ రాత్రి ఆళ్లగడ్డ రక్తనిధిలో కంప్యూటర్లు చూసే నిర్మలకు ఫోన్ చేశాడు. "నిర్మలా, ఆపినావా?"

"వైరే పీకేసినా అన్నా."

పరీక్షలు నడిపాడు. అన్నీ పాసయ్యాయి. డేటాబేస్ బదులు దొంగ జవాబులిచ్చే కోడ్ కోసం వెతికాడు. ఎక్కడా లేదు.

"నేను ఒప్పుకునేది లేదు," అన్నాడు ధీమాగా.

ఫోన్లో కీబోర్డు టకటకలాడింది.

"ఏంది పాపా, కొడతాండావ్?"

"నేనా? మీరే కొడతాండారనుకున్నా."

జకరయ్య చేతులు ఒళ్లోనే ఉన్నాయి. ఎదురుగా తెర మీద, అతని పేరుతో, ఆమోదం ఒక్కో అక్షరమే పడుతోంది.