నా గొంతు ఎత్తుకెళ్ళిన యాప్

"తీసేశారోయ్! ఆ దొంగ యాప్‌ని స్టోర్‌లోంచి తీసేశారు!" అని మావారు కేకేయగానే గరిటె పట్టుకునే గంతులేశాను. పెళ్ళయి నెలైనా కాలేదు, అప్పుడే ఎంత మంచి కబురో!

మా యాప్ పొద్దున్నే జనాన్ని నా గొంతుతో నిద్రలేపుతుంది. మావారు ఒక్కరే కూర్చుని రాసుకున్నారు. తొందరలో నా సాధన రికార్డింగులూ, మధ్యలో నవ్విన నవ్వులూ తీసేయడం మరిచిపోయారు. ఎవరో అన్నీ కలిపి ఎత్తుకుపోయి, అచ్చం అలాంటి యాప్‌నే ఉచితంగా పంచిపెట్టారు. మా యాప్ వాడేవాళ్ళు సగంమంది అటే పోయారు.

ఆ రాత్రి దీపం ఆర్పాక ఆయన ఫోన్ మెల్లగా పలికింది. సాక్ష్యానికని అందులో ఉంచుకున్న దొంగ యాప్ అది.

"ఇంకా నిద్ర రాలేదా, బంగారూ?"

నా గొంతే.

"ఈ మాట నేనెప్పుడు రికార్డు చేశాను?"

"సరదాకి అనుంటావులే."

"నేను మిమ్మల్ని అలా పిలవడం మొదలెట్టింది మొన్ననేగా! తీసేయండి బాబూ, భయమేస్తోంది."

"ఉండవోయ్, నీకన్నా మెత్తగా పిలుస్తోంది" అని నవ్వి, ఫోన్‌ను దిండు మీద పెట్టుకున్నారు.

వేళాకోళమనుకుని, మూతి ముడుచుకుని అటు తిరిగి పడుకున్నాను. ఫ్యాన్ చప్పుడు తప్ప గదిలో ఏమీ లేదు. కాసేపటికి నా వెనకాల నా గొంతే గుసగుసలాడింది.

"పడుకుందా?"

"పడుకుంది" అన్నారు మావారు.

"మరి నా సంగతి?"

నేను ఊపిరి బిగబట్టాను.

"రేపు పొద్దున్నే దాన్ని పుట్టింట్లో దింపేసి వచ్చేస్తా."