ఒక్కరి సీటు

"ఊపిరి బిగబట్టు," అన్నాడు భర్త, తనే బిగబట్టి.

భార్య సొంతంగా తయారుచేసుకుంటున్న మోటార్‌సైకిల్‌కి సీటు అరచెయ్యంత. బ్యాటరీ, ఫ్యూజులు, వైర్లు అన్నీ దాని కిందే ఇమడాలి. పొద్దుటి నుంచీ సీటు మూతపడితే ఒట్టు.

"పొడుగు సీటైతే ఈ తిప్పలుండేవి కావు," అన్నాడతను.

"ఒక్కరి బండేనని అందరికీ గొప్పగా చెప్పేశాను. ఇప్పుడు మాట మారిస్తే నవ్వరూ?"

అతను బ్యాటరీని పక్కకు పడుకోబెట్టి, వైర్లను జడలా అల్లి లోపలికి తోశాడు. సీటు టక్కున పడింది. స్టార్టర్ నొక్కగానే ఇంజను అందుకుంది. చీపురు పట్టుకుని షెడ్డంతా గంతులేశాడు.

ఆమె ఇంజను ఆపి, సీటెత్తి, బ్యాటరీ బయటికి లాగేసింది.

"అదేంటి, పట్టిందిగా?"

"పట్టలేదు," అంది నవ్వాపుకుంటూ. "ఎవరడిగినా అదే చెప్పు. పట్టకే పొడుగు సీటు వేశాం. ఎక్కి నా వెనక కూర్చో, కొలత తీసుకోవాలి."