కుడివైపు అన్నం

అందోంగ్ కొండల్లో మంచు దారి మూసేయడంతో గిల్సు ఆ పాత పెద్దింటి తలుపు కొట్టాడు. అతని వీపు మీద ఆరేళ్ల కూతురు బొన్నే మూడు రోజుల జ్వరంతో మూలుగుతోంది. ఒకప్పుడు ఆ ఇంట్లో రాత్రికి ముప్పై మంది బాటసారులు పడుకునేవారు.

"ఈ ఒక్క రాత్రికి, పెద్దమ్మా. బయట ఉంటే పిల్ల బతకదు."

"చోటుకేం కరువు బాబూ? ఎలుకలు కూడా విసుగొచ్చి వెళ్లిపోయాయి," అంది తలుపు తీసిన ముసలావిడ.

ఆవిడ రెండు పొట్టి భోజనబల్లలు తెచ్చి ఒకటి అతని ముందు, ఒకటి పిల్ల పక్కన పెట్టింది.

మా వైపు బతికున్నవాళ్లకి అన్నం ఎడమన, చారు కుడిన పెడతారు. చనిపోయినవాళ్లకి పెట్టేటప్పుడే అవి తారుమారవుతాయి. పిల్ల బల్ల మీద అన్నం కుడివైపు ఉంది.

గిల్సు గిన్నెలు మార్చాడు. ఆవిడ వాటిని మళ్లీ యథాస్థానంలో పెట్టింది.

"పొరబడ్డావేమో, పెద్దమ్మా."

"అరవై ఏళ్లుగా వడ్డిస్తున్నాను. ఒక్కనాడూ పొరబడలేదు."

"పోనీ, నా బల్ల దానికి పెట్టొచ్చా?"

ఆవిడ అతని ముఖంలోకి చూసింది.

"మీలో మీరు మార్చుకుంటే నేనెవర్ని కాదనడానికి? తిన్నాక మాత్రం మళ్లీ మార్చకూడదు."

గిల్సు బల్లలు మార్చి, చివరి మెతుకు దాకా తిన్నాడు.

కాసేపటికి మూలుగు ఆగింది. అతను పిల్ల ఊపిరి కోసం చెవి ఒగ్గాడు. బొన్నే లేచి కూర్చుని చెంచా అందుకుంది. రెండుసార్లు నోట్లో పెట్టుకుని అతని బల్ల వైపు చూసింది.

"నాన్నా, నువ్వు తినలేదేం?"

గిల్సు కిందికి చూశాడు. గిన్నె నిండా అన్నం ఉంది. ఇంకా పొగలు వస్తున్నాయి.