పుట్టల దారిలో దుప్పి పరుగు

పుట్టల మధ్య నుంచి వాగుకు పోయే ఆ సన్నటి దారిలో ఒకప్పుడు కౌజు పిట్టలు పొద్దెక్కేదాకా మట్టిలో పొర్లి స్నానం చేసేవి. అడవిపంది కూడా వాటిని చూసి పక్కకు తప్పుకుని పోయేది. ఆ రోజులు తలుచుకుంటే ముసలి కౌజుకు ఇప్పటికీ రెక్కల్లో వెచ్చటి దుమ్ము తగిలినట్టే ఉంటుంది.

ఇప్పుడు ఒక కుర్ర దుప్పి రోజూ ఆ దారిలో బాణంలా దూసుకుపోతోంది. ఈ ఉదయం ముసలి కౌజు మనవరాలు చెదల కోసం దారి దాటుతుంటే దుప్పి గిట్ట తగిలి రెక్క విరిగింది.

"దారికి అడ్డంగా ముళ్ళకంప వేద్దాం," అంది కుందేలు.

"ముందు గుచ్చుకునేది మన పిల్లలకే," అని కసిరి, ముసలి కౌజు వెళ్ళి దారి నడుమ కూర్చుంది.

పరుగెత్తుకొచ్చిన దుప్పి బెత్తెడు దూరంలో ఆగింది. "లే అవ్వా, దాహంగా ఉంది."

"వాగేమన్నా ఎండిపోతోందా? నువ్వు పుట్టింది ఈ పుట్ట చాటునే. నిలబడబోయి నాలుగుసార్లు పడ్డావు, ఇదిగో, ఇక్కడే. నీళ్ళకు బయల్దేరిన మీ మందంతా నువ్వు లేచేదాకా ఎండలో నిలబడింది. ఒక్కరూ దాహమనలేదు."

దుప్పి పుట్ట పక్కన రెక్క ఈడుస్తున్న పిల్లను చూసింది. ముసలి కౌజును దాటి మెల్లగా నాలుగడుగులు వేసింది. వెనక నుంచి తన తమ్ముడు పరుగెత్తుకొస్తుంటే వెనక్కి వచ్చి, ముసలి కౌజు ముందు దారికి అడ్డంగా నిలబడింది.

"నడిచి రారా. ఇక్కడ పిల్లలున్నారు."