మూడు ముళ్ల బొమ్మ

బతుకుదెరువుకు వలస వచ్చిన సచిన్ అనే మిల్లుల ఊళ్లో మగ్గం పని ముగించుకుని సోమలింగం గదికి చేరేసరికి చీకటి పడింది. భార్య ఇంకా మిల్లు నుంచి రాలేదు. ఏడేళ్ల కూతురు హారతి తెగిన దారాలతో బొమ్మ చేస్తోంది. దారాన్ని పళ్లతో పట్టి, బొమ్మ మెడకు మూడు ముళ్లు వేసింది. చిన్నప్పుడు సోమలింగం అక్క అచ్చం అలాగే వేసేది. అక్క వాగులో కొట్టుకుపోయి ముప్పై ఏళ్లయింది. ఆ సంగతి అతను భార్యకు తప్ప ఇక్కడ ఎవరికీ చెప్పలేదు.

"గిట్ల ఎవలు నేర్పిండ్రు బిడ్డా?" అనుమానంగా అడిగాడు.

"మెట్ల మీద కూసుండే ఆమె. అత్తా అని పిలువుమన్నది."

"మీ అమ్మ జెప్పుమన్నదా గీ మాట?"

"కాదు బాపూ. వాగుల నా చెయ్యి ఎందుకు ఇడిసిండో మీ బాపును అడుగు అన్నది."

సోమలింగం లేచి తలుపు గడియ పెట్టాడు. అవతల ఎవరో నెమ్మదిగా తడిబట్ట పిండుతున్నారు.